సెకండ్‌హ్యాండ్ పికప్ కొన్నాం: బండి కింద పడుకుని ఏమేం చూశామంటే

కడియం చుట్టుపక్కల నర్సరీ నడిపేవాళ్లకు సొంత బండి లేకపోతే లాభంలో పెద్ద ముక్క కిరాయిలకే పోతుంది. తొలకరి పడితే మొక్కలకు గిరాకీ. సరిగ్గా అప్పుడే బండ్లు దొరకవు, దొరికినా వాళ్లు అడిగినంత ఇవ్వాలి. కొత్తది తీసుకుంటే వాయిదాలు మా రాబడికి మించిపోతాయి. అందుకే సెకండ్‌హ్యాండ్ పికప్ కోసం వెతకడం మొదలుపెట్టాం. టాటా ఏస్, అశోక్ లేలాండ్ దోస్త్ కూడా ఆలోచించాం గానీ పెద్ద సంచుల మామిడి అంట్లు, కొబ్బరి మొక్కలు, మధ్యమధ్యలో ఎర్రమట్టి లోడు, అన్నీ చూసుకుంటే మనసు బొలెరో పికప్ మీదికే పోయింది. 2523 సీసీ డీజిల్ ఇంజన్, స్పేర్లు ఏ ఊళ్లోనైనా దొరుకుతాయి, మేస్త్రీలందరికీ చెయ్యి తిరిగిన బండి.

మా నాన్నకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన రాజమండ్రిలో డీజిల్ బండ్ల మేస్త్రీగా చాలా ఏళ్లు చేశారు. ఈ పనికి ఆయన్నే వెంటబెట్టుకెళ్లాను. బాబాయ్ ముందే గట్టిగా చెప్పారు. "ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు చూపించాలి. కింద దూరి చూడనివ్వాలి. లోడేసి నడపనివ్వాలి. ఈ మూడిట్లో దేనికి ఒప్పుకోకపోయినా మనం వెళ్లక్కర్లేదురా." ఫోన్లోనే ఈ మాట అడిగేసరికి కొందరు అమ్మేవాళ్లు ఫోన్ పెట్టేశారు. దాంతో మాకు తిరుగుడు తగ్గింది.

సామాను పెద్దగా ఏమీ లేదు. ఒక టార్చిలైటు, చిన్న అయస్కాంతం, తెల్ల గుడ్డ, కింద పరుచుకోవడానికి అట్టముక్క, చిన్న స్పానర్. ఈ స్పానర్ బిగించడానికి కాదు, తట్టడానికి. ఎందుకో భీమవరం వైపు చూసిన బండి దగ్గర తెలిసింది.

ఆ బండి పైకి కళకళలాడుతోంది. కొత్త పెయింటు, కొత్త సీటు కవర్లు, మీటర్‌లో కిలోమీటర్లు కూడా తక్కువే. నంబరు ఏపీ 37, అంటే పాత పశ్చిమ గోదావరి రిజిస్ట్రేషన్. 2019 నుంచి రాష్ట్రమంతటికీ ఏపీ 39 ఒకటే సిరీస్ వచ్చాక నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పడం కుదరట్లేదు గానీ, అంతకు ముందు బండ్లకు అదొక మంచి ఆనవాలు. ఆ ప్రాంతంలో చేపలు, రొయ్యల రవాణాకు తిరిగిన బండ్లు చాలా ఉంటాయి. ఐసు కరిగిన నీళ్లు, ఉప్పు నీళ్లు తొట్టి సందుల్లోంచి కారి తిన్నగా చాసిస్ మీద, అంటే బండి కింది ఇనుప చట్రం మీద పడతాయి. రోజూ అదే పని. పైన రేకుకు ఏమీ కాదు, కింద మాత్రం తినేస్తుంది.

బాబాయ్ అట్ట పరుచుకుని కిందికి దూరారు. చాసిస్ అంతా నిగనిగలాడే నల్ల పెయింటు. అది చూసే ఆయనకు అనుమానం వచ్చింది. ఏళ్ల తరబడి తిరిగిన బండి కింద దుమ్ము, గ్రీజు మరకలు, రాయి తగిలిన గీతలు ఉండాలి. అక్కడ మాత్రమే కొత్త పెయింటు ఎందుకుంటుంది? స్పానర్‌తో చాసిస్ పొడవునా తట్టుకుంటూ వెళ్లారు. ముందు భాగంలో ఖణేల్మని మోగింది. వెనక కమాన్ కట్ట (బరువు మోసే ఇనుప పట్టీల స్ప్రింగు) బ్రాకెట్ దగ్గరికి వచ్చేసరికి చప్పుడు మొద్దుగా మారింది. ఇంకో దెబ్బ వేస్తే పెయింటు పెచ్చు ఊడి, లోపల పొరలు పొరలుగా తుప్పు రాలింది. నా అరచేతిలో పడింది. వేళ్లతో నలిపితే పొడైపోయింది. అయస్కాంతం పెడితే ఇంకోచోట అంటుకోలేదు, అక్కడ చిల్లును లప్పంతో పూడ్చి పెయింటు వేశారు. వెనక చక్రాలకు వెళ్లే బ్రేక్ పైపు కూడా గరుకుగా ఉబ్బి ఉంది. బ్రేక్ గట్టిగా తొక్కినప్పుడు అది చిట్లితే లోడుతో ఉన్న బండి ఆగదు. అమ్మే ఆయనకు ఇవన్నీ తెలుసో తెలియదో నేను చెప్పలేను, ఆయన కూడా ఇంకొకరి దగ్గర కొన్నదే. ఇంజన్ చూడకుండానే వచ్చేశాం. ఇంజన్ పాడైతే బాగుచేయించుకోవచ్చు, తినేసిన చాసిస్‌కు మందు లేదు.

చాసిస్ విషయంలో తుప్పు ఒక్కటే కాదు. 1.7 టన్నుల లోడు మోసే బండి మీద రెండున్నర టన్నులు వేసుకుని తిరిగేవాళ్లు మన రోడ్ల మీద తక్కువేం లేరు. ఆ బరువు క్యాబిన్ వెనక, తొట్టి మొదలయ్యే చోట చాసిస్‌ను వంచుతుంది. క్యాబిన్‌కూ తొట్టికీ మధ్య సందు పైనా కిందా ఒకేలా ఉందో లేదో పక్క నుంచి చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. ఆ చోటా, కమాన్ బ్రాకెట్ల దగ్గరా సన్నటి పగుళ్లు వస్తాయి. కొందరు వెల్డింగ్ కొట్టించి సరిపెడతారు. చాసిస్ మీద ఎక్కడ వెల్డింగ్ కనిపించినా బాబాయ్ లేచి చేతులు దులుపుకునేవారు. కమాన్ కట్టలో కంపెనీ ఇచ్చినవి కాకుండా అదనంగా పట్టీలు వేయించి ఉంటే, ఆ బండి ఎప్పుడూ ఓవర్‌లోడే మోసిందని అర్థం. పట్టీ విరిగిందా, యూ బోల్టులు వదులయ్యాయా, మధ్య బోల్టు తెగిందా అన్నది కూడా అక్కడే చూడాలి. మధ్య బోల్టు తెగితే వెనక యాక్సిల్ ఒక పక్కకు జరిగి బండి అడ్డంగా నడుస్తుంది.

విజయవాడ వైపు ఒక బండి చాలా తక్కువ ధరకు వస్తోందని ఎవరో చెప్పారు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల రోజుల తరబడి నీళ్లు నిలిచాయి కదా. అప్పుడు మునిగిన బండ్లు తర్వాత కడిగి, తుడిచి బయటికొచ్చాయి. వరదలో మునిగిన బండిని పట్టుకోవడం పెద్ద కష్టం కాదు. సీట్ బెల్ట్‌ను చివరిదాకా లాగితే లోపలి భాగంలో బురద చార కనిపిస్తుంది. సీటు తీసి, ఫ్లోర్ మ్యాట్ ఎత్తి చూస్తే మూలల్లో ఎండిన ఒండ్రు ఉంటుంది. ఫ్యూజు బాక్సులోనూ, వైరింగ్ కనెక్టర్లలోనూ పచ్చగా చిలుం పడుతుంది. మేం చూసినదాంట్లో వెనక హౌసింగ్ (వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే డబ్బా) నట్టు కాస్త వదులు చేయిస్తే గేర్ ఆయిల్ పాల కాఫీ రంగులో బయటికొచ్చింది. గాలి ఆడడానికి హౌసింగ్ మీద చిన్న బ్రీతర్ ఉంటుంది, మునిగినప్పుడు నీళ్లు అందులోంచి దూరతాయి. అలాంటి బండిలో ఈ రోజు అన్నీ పనిచేస్తాయి. ఆరు నెలలకు సెన్సార్లు, బేరింగులు ఒక్కొక్కటే మొరాయిస్తాయి. ధర ఎంత తగ్గించినా మాకొద్దన్నాం.

ఇంజన్ గురించి కాస్త ఎక్కువే చెప్పాలి. ఎందుకంటే ఖర్చంతా అక్కడే.

మేం వెళ్లగానే బాబాయ్ చేసే మొదటి పని బానెట్ ఎత్తి రేడియేటర్ మీద చెయ్యి పెట్టడం. ఒకచోట పొద్దున్నే వస్తున్నామని చెప్పి వెళితే, అప్పటికే ఇంజన్ వేడిగా ఉంది. "ఇప్పుడే పక్కకు తీశామండీ" అన్నారు వాళ్లు. వేడెక్కిన ఇంజన్ రోగాలన్నీ దాచేస్తుంది. చల్లటి ఇంజన్ సెల్ఫ్ కొట్టగానే ఎంతసేపటికి అందుకుంటుంది, అందుకున్నాక నిలకడగా తిరుగుతుందా, ఏ రంగు పొగ వస్తుంది, ఇవన్నీ మొదటి నిమిషంలోనే తెలియాలి. కాస్త తెల్ల పొగ వచ్చి ఆగిపోతే దిగులు లేదు. ఆగకుండా వస్తూ పచ్చి డీజిల్ వాసన కొడితే కంప్రెషన్ తగ్గిందో, డీజిల్ చిమ్మే నాజిల్స్ సరిగా కొట్టట్లేదో, చల్లటి ఇంజన్‌ను వేడిచేసే గ్లో ప్లగ్గులు పోయాయో అనుకోవాలి. తియ్యటి వాసనతో తెల్ల పొగ వస్తే కూలెంట్ లోపల కాలుతోంది, అంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ బ్లాక్‌కూ హెడ్‌కూ మధ్య ఉండే సీలు) సంగతి చూడాలి. నీలం పొగ ఆయిల్ తాగుతున్న గుర్తు. రేస్ చేసినప్పుడు నల్ల పొగ దట్టంగా వస్తే గాలి చాలట్లేదు లేదా డీజిల్ ఎక్కువవుతోంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోయినా అలాగే వస్తుంది కాబట్టి దానికి ముందే భయపడక్కర్లేదు.

ఇంజన్ తిరుగుతుండగా ఆయిల్ పోసే మూత తీసి చూడడం అన్నిటికంటే ముఖ్యం. మేస్త్రీలు బ్యాక్ కంప్రెషన్ అంటారు. పిస్టన్ రింగులు, అవి ఆడే లైనర్లు అరిగితే మంట ఒత్తిడి కిందికి జారి ఆ మూత దగ్గర నుంచి పొగగా ఎగదన్నుతుంది. పలచటి ఆవిరి ఏ డీజిల్ ఇంజన్‌కైనా ఉంటుంది. అలా కాకుండా బుస్సు బుస్సుమని పొగ వస్తూ, మూతను బోర్లించి పైన పెడితే అది నిలవకుండా ఎగురుతుంటే ఇంజన్ విప్పి రిపేరు చేయించాల్సి వచ్చిందన్నట్టే. ఆ వేడి ఇంజన్ బండికి సరిగ్గా ఇదే కనిపించింది. పైగా డిప్ స్టిక్ లాగితే ఆయిల్ మామూలు కంటే చిక్కగా ఉంది. బ్యాక్ కంప్రెషన్ కనపడకుండా కొన్నాళ్లు కప్పిపుచ్చడానికి చిక్కటి ఆయిల్ పోస్తారు. దీనికి వ్యతిరేకంగా ఆయిల్ మరీ నీళ్లలా ఉండి, లెవెల్ ఉండాల్సినదానికంటే పైన ఉండి, డీజిల్ వాసన కొడుతుంటే నాజిల్స్ కారుతున్నాయేమో చూడాలి.

రేడియేటర్ మూత చల్లగా ఉన్నప్పుడే తీయాలి, వేడి మీద తీస్తే మొహం కాలుతుంది. లోపల కూలెంట్ రంగు తేటగా ఉండాలి. పైన నూనె తెట్టు కట్టినా, మూత తీసి స్టార్ట్ చేస్తే బుడగలు ఆగకుండా వస్తున్నా గ్యాస్కెట్ మీద అనుమానపడాలి. స్టార్ట్ చేసిన కాసేపటికే, ఇంకా వేడెక్కకుండానే పై గొట్టం రాయిలా గట్టిపడితే అదీ ఆ లెక్కే. కొన్ని బండ్లలో కూలెంట్ బదులు మామూలు నీళ్లే పోసి తిప్పుతారు. అలాంటి చోట రేడియేటర్ మూత అడుగున తుప్పు మడ్డి కనిపిస్తుంది. ఇంజన్‌లోకి గాలిని నెట్టే టర్బో గొట్టం ఊడదీసి లోపలి ఫ్యాన్‌ను వేలితో కదిపి చూశారు బాబాయ్. పక్కలకు వెంట్రుకవాసి ఆట మామూలే, ముందుకూ వెనక్కీ ఆడకూడదు. గొట్టంలో నూనె తడి ఉంటే ఫర్వాలేదు, నిలవ ఉంటే తప్పు.

చివరికి మేం కొన్న బండి రాజానగరం వైపు దొరికింది. 2018 మోడల్, ఏపీ 05, రెండో యజమాని. పశువుల దాణా సరఫరాకు వాడారట. పెయింటు అక్కడక్కడా పోయింది, తొట్టి డోరుకు సొట్టలున్నాయి, చూపులకు ఏమంత బాగోలేదు. కానీ ఇంజన్ చల్లగా ఉంచారు. అడగకుండానే జాకీ తెచ్చి ఇచ్చారు. చాసిస్ మీద పాత దుమ్ము పాతగానే ఉంది, ఎక్కడ తట్టినా ఒకే చప్పుడు. బాబాయ్ మొహంలో ఆ పూట కాస్త వెలుగు చూశాను.

లోపాలు దానికీ ఉన్నాయి. ముందు చక్రం జాకీ మీద ఎత్తి, ఎడమా కుడీ పట్టుకుని ఊపితే టై రాడ్ (స్టీరింగ్‌ను చక్రానికి కలిపే కడ్డీ) చివర ఆట కనిపించింది. పైనా కిందా పట్టుకుని ఊపితే ఏమీ ఆడలేదు కాబట్టి వీల్ బేరింగ్ బాగుందన్నారు. ముందు టైర్లు లోపలి అంచున ఎక్కువ అరిగాయి, అది కూడా టై రాడ్ సంగతినే చెబుతోంది. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గుండీలు ఎంత మిగిలినా రబ్బరు పాతబడి బీటలు వస్తే లోడుకు పనికిరాదు. ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి చేత్తో తిప్పితే క్రాస్, అంటే ఆ షాఫ్ట్ కీలు దగ్గర టక్కుమంది. హౌసింగ్ ముందు పినియన్ సీలు దగ్గర నూనె చెమర్చింది. వెనక చక్రాల లోపలి వైపు మాత్రం పొడిగా ఉంది. అక్కడ నూనె కనిపిస్తే యాక్సిల్ సీలు పోయి బ్రేక్ షూల మీద ఆయిల్ పడుతోందని అర్థం, అది వెంటనే చేయించాల్సిన పని.

ఇక లోడు. ఖాళీ పికప్ ఎలాంటిదైనా హుషారుగానే పోతుంది. లోడెక్కితేనే బండి నోరు విప్పుద్దని బాబాయ్ మాట. అమ్మే ఆయన్ని అడిగి బండిని మా నర్సరీకి తెచ్చుకున్నాం, ఆయన కూడా వెంట వచ్చారు. తడి మట్టి సంచుల మొక్కలు ఎత్తించి కాటా వేయిస్తే దాదాపు టన్నున్నర తూగింది. బయల్దేరే ముందు సిమెంటు రోడ్డును మొక్కలకు పెట్టే పైపుతోనే తడిపి బండిని తిన్నగా నడిపించాం. తడి జాడలు చూస్తే వెనక టైర్లు రెండు పక్కలా ముందు టైర్లకు సమానంగా పడుతున్నాయి. యాక్సిల్ జరగలేదని, చాసిస్ వంకర పోలేదని అక్కడ ధైర్యం వచ్చింది.

హైవే ఎక్కాక ఫ్లైఓవర్ ఎగువలో మూడో గేర్‌లో యాక్సిలరేటర్ తొక్కాం. ఇంజన్ మోత పెరిగి బండి వేగం పెరగకపోతే క్లచ్ ప్లేట్ జారుతున్నట్టు. ఖాళీగా ఉన్నప్పుడు హ్యాండ్ బ్రేక్ వేసి మూడో గేర్‌లో క్లచ్ మెల్లగా వదిలి చూశాం, ఇంజన్ ఆగిపోయింది, అంటే ప్లేట్ పట్టే ఉంది. కానీ ఈ పరీక్ష ఒక్కసారికి మించి చేయకూడదు, ప్లేట్ కాలుతుంది. నిజమైన పరీక్ష లోడుతో ఎగువ ఎక్కడమే. అక్కడ కూడా జారలేదు. మూడు నుంచి రెండుకు దించేటప్పుడు మాత్రం గర్రుమంటోంది. రెండో గేర్ సింక్రో (గేరు మెత్తగా పడేలా చేసే రింగు) అరిగింది, వాడుకోవచ్చు గానీ కొన్నాళ్లకు గేర్‌బాక్స్ విప్పాలి అన్నారు బాబాయ్. దిగువలో యాక్సిలరేటర్ వదిలేసి గేర్ మీదే దింపితే గేర్ రాడ్ దానంతటది న్యూట్రల్‌లోకి ఊడిపోలేదు. ఊడిపడితే అది చిన్న జబ్బు కాదు.

50, 60 వేగంలో వెనక హౌసింగ్ నుంచి ఊళ వస్తుందేమోనని ఇద్దరం అద్దాలు దించి చెవులు రిక్కించాం. తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఒకలా ఊళ వినిపిస్తే హౌసింగ్ లోపలి పళ్లచక్రాలు క్రౌన్, పినియన్ అరిగాయని. రాలేదు. బ్రేక్ తొక్కితే బండి ఏ పక్కకూ లాగలేదు. ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉండగా పెడల్ నొక్కిపట్టి కాసేపు ఉంచాం. అది మెల్లగా కిందికి దిగిపోతే మాస్టర్ సిలిండర్ పోయినట్టు. లోడును బట్టి వెనక బ్రేక్ ఒత్తిడిని మార్చే వాల్వ్ ఉన్న బండ్లలో దాని లింకు తగిలించి ఉందో లేదో కూడా చూడమన్నారు. చాలామంది తీసి కట్టేస్తారట, అప్పుడు ఖాళీ బండి వాన రోడ్డు మీద వెనక జారుతుంది. తిరిగొచ్చాక టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు, ఆయిల్ మూత తీస్తే పొగ మళ్లీ మామూలే. నాకు అసలైన టెన్షన్ అక్కడ దిగింది.

ధర మాట్లాడేటప్పుడు బాబాయ్ పద్ధతి నాకు బాగా నచ్చింది. బండిని తిట్టలేదు, ఆయన్ని తగ్గించలేదు. "ఏవండీ, టై రాడ్ ఎండ్లు, క్రాస్, పినియన్ సీలు, ముందు రెండు టైర్లు. ఇవి మీరైనా చేయించాల్సిందే, మేమైనా చేయించాల్సిందే. గేర్‌బాక్స్ సంగతి నేనడగను, దానికి టైముంది" అన్నారు. ఆయన కాసేపు ఆలోచించి, టైర్లకు సగమే ఇస్తానని, మిగతావాటి ఖర్చు పూర్తిగా తగ్గిస్తానని ఒప్పుకున్నారు. లోపాలు విడివిడిగా, రేటుతో సహా చెబితే బేరం గొడవ కాకుండా తెగుతుందని అప్పుడు చూశాను.

డబ్బులిచ్చే ముందు కాగితాలు. చాసిస్ నంబరు తుడిచి, ఆర్సీతో అంకె అంకె సరిచూసుకున్నాం. ఆ అంకెల చుట్టూ గ్రైండర్ గీతలు ఉంటే ఇక మాట్లాడేదే లేదు. ఫైనాన్స్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది, కాబట్టి బాకీ లేదనే ఎన్ఓసీ, బ్యాంకు పేరు తీయించే ఫారం 35 చేతికొచ్చేదాకా అడ్వాన్సుతోనే ఆగాం. పేరు మార్పుకు ఫారం 29, 30. పెండింగ్ చలాన్లు, టాక్సు, ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అంటే ఎఫ్‌సీ గడువు ఆన్‌లైన్‌లో చూశాం. రవాణా బండికి ఎనిమిదేళ్లు నిండేదాకా ఎఫ్‌సీ రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా చేయించాలి. 2018 బండి కాబట్టి ఆ ఏటేటా ఖర్చును కూడా లెక్కలో వేసుకున్నాం. బండి బరువూ లోడూ కలిపి మొత్తం బరువు 3000 కిలోలు దాటే గూడ్స్ బండికి పర్మిట్ కూడా కావాలి. 1.7 టన్నుల పికప్ ఆ గీత దాటుతుంది. ఇన్సూరెన్స్ మన పేరుకు మార్చమని 14 రోజుల్లోగా దరఖాస్తు పెట్టుకోవాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు, ప్రమాదం జరిగినప్పుడు తిప్పలు పడతారు.

తెచ్చుకోగానే ఇంజన్ ఆయిల్, గేర్‌బాక్స్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్, కూలెంట్, ఫిల్టర్లు అన్నీ మార్పించాం. పాతవాళ్లు ఎప్పుడు మార్చారో మాటల మీద నమ్మి నడపలేం కదా. హౌసింగ్ ఆయిల్ దించినప్పుడు అయస్కాంతానికి సన్నటి ఇనుప పొడి అంటుకుంది, ముక్కలేమీ రాలేదు. టై రాడ్ ఎండ్లు, క్రాస్, సీలు ఒకే రోజు వేయించి, అలైన్‌మెంట్ చేయించాం. తొట్టి అడుగున మొక్కల నీళ్లు నిలవకుండా మూలల్లో చిన్న బెజ్జాలు పెట్టించి, ఆ నీళ్లు చాసిస్ మీద పడకుండా బయటికి రబ్బరు గొట్టాలు దింపించాం. ఆ భీమవరం బండిని చూసిన తర్వాత ఈ పని వాయిదా వేయబుద్ధి కాలేదు.

ఆర్సీ నా పేరు మీదికి వచ్చింది. రెండో గేర్ ఇంకా గర్రుమంటూనే ఉంది, సీజన్ అయ్యాక గేర్‌బాక్స్ విప్పడానికి డబ్బు పక్కన పెడుతున్నాం. ముందు టైర్లు మాత్రం తొలకరిలోపే మార్చేయాలి.